రాములు ఏ ఊరివాడు?

1996. నిజామాబాద్ బస్టాండ్ వెనక, బట్టల దుకాణం పైఅంతస్తులో బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెప్పేవాణ్ణి. రేకుల కప్పు, బద్ధకంగా తిరిగే ఫ్యాను, కింది నుంచి మిర్చిబజ్జీల వాసన. ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది.

నా పాఠమంతా ఎలిమినేషన్ మీదే. అంటే, నిలబడని ఆప్షన్లను ఒక్కొక్కటే కొట్టేయడం. ఇచ్చిన వాక్యంలోంచి రాని మాట బయట ఎంత నిజమైనా సరే, కొట్టేయాల్సిందే.

ఎడపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే సుజాతకు ఇక్కడే పేచీ. వాళ్ల నాన్న కొద్దిగా చెరకు వేసేవాడు, సీజన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పనికీ పోయేవాడు. ఆ ఏడు దాటితే ఆమెకు వయసు మించిపోతుంది. అదే ఆఖరి పరీక్ష. లెక్కల్లో చురుకే గానీ, రీజనింగ్‌లో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఒకరోజు బోర్డు మీద రాశాను: "ఫ్యాక్టరీ కార్మికులంతా సీజన్‌లో ఊళ్లోనే ఉంటారు. రాములు సీజన్‌లో ఊళ్లో ఉన్నాడు." అయితే రాములు ఫ్యాక్టరీ కార్మికుడేనా? చెప్పలేం అన్నది జవాబు. సుజాత మాత్రం ముమ్మాటికీ కార్మికుడే అంది.

"సీజన్‌ల ఊళ్లె ఉన్న మొగోడు ఫ్యాక్టరీకి పోకుంట ఏం జేస్తడు సార్?"

"కిరాణ దుకాణం పెట్టుకున్నడేమో."

"మా ఊళ్లె కిరాణ దుకాణం నర్సయ్యది సార్."

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నిజమైన మాటను ఎట్ల కొట్టేస్తం సార్? మనసొప్పుతలేదు."

"ఈ రాములు మీ ఊరోడు కాదు బిడ్డా. గాయనకు అసలు ఊరే లేదు. బోర్డు మీదున్న రెండు ముక్కలే గాయన లోకం."

అప్పటినుంచి ప్రతి ప్రశ్నకూ ముందు "ఈయన ఏ ఊరోడు సార్?" అని అడిగేది. మిగతావాళ్లకు అది వేళాకోళమైంది గానీ, ఆమె తప్పులు మాత్రం తగ్గుతూ వచ్చాయి.

మరుసటి ఏడు సుజాత, ఉద్యోగం వచ్చిందని కోవా పొట్లంతో వచ్చింది. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. రీజనింగ్ ఎట్ల చేసినవని అడిగాను.

"ఒక ఊరి రైతులు చెరుకు ఇడిసి వరి ఏసిన్రని ప్రశ్న ఇచ్చిన్రు సార్, ఎందుకిడిసిన్రో చెప్పలె. చెరుకు గిట్టకనే ఇడిసిన్రని ఒక ఆప్షన్. పోయినేడు మా బాపు గందుకే ఇడిసిండు."

"మరి?"

"కొట్టేసిన సార్." కళ్లు తుడుచుకుంది. "మా బాపు మాటనే కొట్టేసినట్టు అనిపిచ్చింది. అయినా కొట్టేసిన."

ఎలిమినేషన్ అంటే ఒక గీత, అంతే అని చెబుతూ వచ్చినవాణ్ణి. కొన్ని గీతలు గీయడానికి ఎంత గుండె కావాలో ఆ పిల్ల దగ్గరే తెలుసుకున్నాను. ఆ తర్వాత ఎవరైనా "ఇది నిజమే గద సార్" అని మొండికేస్తే, ముందు "నిజమే బిడ్డా" అనేవాణ్ణి. ఆ తర్వాతే కొట్టేయమనేవాణ్ణి.