తాతయ్యకు పథ్యం విప్పిన రోజు

నా చిన్నప్పుడు మా తాతయ్య పూటకు ఎన్ని ముద్దలు తిన్నాడో పలక మీద గీతలు పెట్టడం నా పని. ఎవరూ చెప్పిన పని కాదు, నేనే పెట్టుకున్నాను. మాది మార్కాపురం పక్కన పల్లె. మద్రాసు రాజధాని రోజుల్లో మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. తాతయ్య నలభై ఏళ్ళు పలకల గనిలో రాయి చీల్చినవాడు. రాయి మీద ఒక్క దెబ్బ వేసి, చెవి ఆనించి విని, పొర ఎక్కడ విడుతుందో చెప్పేవాడు. నా పలక కూడా ఆయన చీల్చిన రాయే.

ఆ ఏడు ఎండలు ముదరకముందే తాతయ్యకు కామెర్లు వచ్చాయి. ఊరి వైద్యుడు ఆయన చిన్ననాటి స్నేహితుడు. ఏడు రోజులు ఆకు పసరు ఇచ్చి పథ్యం పెట్టాడు. ఉప్పు, పులుపు, కారం, నూనె, ఈ నాలుగూ ముట్టకూడదు. చప్పిడి అన్నం, మజ్జిగ తేట మాత్రమే తీసుకోవాలి. "నేను విప్పిందాకా ఉప్పుగల్లు నోట పెట్టగాకు" అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. పథ్యం పెట్టినవాడే విప్పాలనేది మా వైపు పద్ధతి. విప్పే రోజున మొదటి ముద్ద ఆయన తన చేత్తో కలిపి పెట్టాలి. తాతయ్య కళ్ళలో పచ్చదనం పోయింది. కానీ నెల తిరక్కుండానే ఆ వైద్యుడు జ్వరం వచ్చి పోయాడు.

వైద్యుడి దినాలు అయిపోయాక, జబ్బు పోయింది గదా పథ్యమూ తీరిందనుకుని మా అమ్మ మామూలు వంట చేసి తాతయ్యకు వడ్డించసాగింది. రాగి సంగటి, గోంగూర పచ్చడి, ఉలవచారు, చింతచిగురు పప్పు, ఆయనకు ఇష్టమైనవన్నీ వరసగా చేసింది. తాతయ్య కంచం పక్కకు జరిపి "సయించలేదమ్మా" అనేవాడు. మజ్జిగ పోయించుకుని నాలుగు మెతుకులు తిని లేచేవాడు. జబ్బుతో నాలుక చచ్చిపోయిందనుకుంది అమ్మ. మార్కాపురం ఆస్పత్రిలో చూసినాయన జబ్బు ఏమీ మిగల్లేదని, మనిషి తింటే చాలని చెప్పి పంపాడు.

తినడమే లేదు. పలక మీద పూటకు పదకొండు గీతలుండేవి ఎనిమిదయ్యాయి, తరువాత అయిదయ్యాయి. తాతయ్య మెడ కింద గుంటల్లో నా వేలు పట్టేది. మా నాయన ఒకరోజు పెరట్లో అమ్మతో అన్న మాట నాకు వినబడింది. "ఇట్లయితే మా నాయన వానలు చూడడు." ఆ మాట విన్నప్పటి నుంచి నేను ఒక్క గీత కూడా తప్పిపోకుండా రాశాను.

చుట్టాలు వచ్చి బతిమాలారు. మేనత్త ఏడ్చి మరీ తినిపించబోయింది. నేనూ ఆయన ఎదురుగా కూర్చుని "ఇంకొకటి తాతా" అనేవాణ్ణి. పలక చూస్తే, ఎక్కువమంది చుట్టూ చేరి తినమన్న రోజునే అన్నిటికన్నా తక్కువ గీతలుండేవి. అది నాకు కనబడింది గాని ఏం చేయాలో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి అక్క చింతపండు చాటలో పోసుకుని మా వసారాలోకి వచ్చింది. గింజలు తీసుకుంటూ కూర్చుంటే మాకు కబుర్లు, ఆమెకు నీడ. నా పలక ఆమె కంటబడింది.

"ఈ గీతలేందిరా?"

"తాత తిన్న ముద్దలక్కా."

"ఏం ముద్దలు? కూర ముద్దలా, మజ్జిగ ముద్దలా?"

నేను పలక చూసుకున్నాను. ఎన్ని అని రాశాను గాని ఏవి అని రాయలేదు. తలచుకుంటే అన్నీ మజ్జిగ ముద్దలే. ఒక్కదాంట్లోనూ ఉప్పు లేదు.

అక్క చాట తీసుకుని తాతయ్య మంచం పక్కకు జరిగి గింజలు తీయసాగింది. తినమని చెప్పలేదు, ఆయన వైపు చూడనూ లేదు. కాసేపటికి తాతయ్య గుటక వేశాడు. ఇంకాసేపటికి మళ్ళీ వేశాడు.

"నోరూరుతాంది గదా తాతా. మరి సయించకపోవడమేంది?"

తాతయ్య గోడ వైపు తిరిగాడు. "ఊరితే ఏం జేసేది? నాకింకా పథ్యం విప్పలేదు గదమ్మా" అన్నాడు.

అక్క చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. "ఇన్నాళ్ళూ చెప్పవేంది?"

"చెప్తే ఏమంటారు? సచ్చినోడు పథ్యం కట్టి ఈన్ని సంపినాడంటారు. వానికి ఆ మాట రాగూడదు."

అప్పుడే వచ్చి ఆ మాట విన్న మా నాయనకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "నేను విప్పుతాండా. ఉప్పేసి పెట్టండి" అన్నాడు.

"నువ్వు కట్టినావా, విప్పేదానికి?" అన్నాడు తాతయ్య.

అక్క చాట అక్కడే వదిలి వెళ్ళింది. వచ్చేటప్పుడు వెంట వైద్యుడి భార్య ఉంది. భర్త పోయిన ఆడమనిషి కొన్ని నెలలు ఇంకొకరి గడప తొక్కకూడదు. ఆమె పెరటి దారిన, తల మీద కొంగు నిండుగా కప్పుకుని వచ్చింది.

"ఏందన్నా, మా ఆయన మాట కోసరం ఎండిపోతాండావంట. నేను విప్పుతా."

"కట్టింది వాడు గదా చెల్లెమ్మా."

"కట్టింది ఆయన. ఆ ఆకు నూరింది ఎవరనుకుంటివి?"

"నువ్వే నూరినావని ఏంది గుర్తు?" తాతయ్య గనిలో రాయి మంచిచెడ్డ తేల్చినట్టే అడిగాడు.

"మూడోనాడు నువ్వు మందు కక్కుకుంటివి. నాలుగోనాటి నుంచి చేదు తగ్గలేదా? ఆయనకు తెలీకుండా తాటిబెల్లం ముక్కేసి నూరితిని. తెలిసుంటే నన్ను గూడా పథ్యంలో పెట్టుండేవాడు."

తాతయ్య ఆమెను చూసి నవ్వాడు. రెండు నెలల్లో మాకు వినబడిన మొదటి నవ్వు అది. "నేను మందుకు అలవాటు పడితిననుకుంటి గదా" అన్నాడు.

ఆమె అన్నంలో ఉప్పుగల్లు నలిపి, పలుచటి చింతపండు చారు పోసి, ఉసిరికాయంత ముద్ద చేసి ఆయన అరచేతిలో పెట్టింది. తాతయ్య దాన్ని నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. రాయి శబ్దం వినేటప్పుడు ఆయన ముఖం అట్లాగే ఉండేది. చాలాసేపటికి మింగి, మళ్ళీ చెయ్యి చాపాడు.

మూడు ముద్దలకే ఆమె ఆపేసింది. వెళ్ళబోతూ అమ్మకు చెప్పిన మాటలు నాకు వరస తప్పకుండా గుర్తున్నాయి. "ఎండిన కడుపు, ఒక్కసారే పొయ్యగాకు. ముద్దలు తగ్గించి పూటలు పెంచు. ముందర ఊరగాయ ఊట నాలిక్కి తగిలించు. పక్కన ఎవరైనా కూచుని తినండి. ఆయన నోట్లోకి మాత్రం చూడగాకండి."

ఆకలి ఒక్క రోజులో రాలేదు. మరునాడు నాలుగు ముద్దలు, ఆ మరునాడు మూడే. అమ్మ ముఖం మళ్ళీ చిన్నబోయింది. కానీ నేనిప్పుడు పలక మీద నిలువు గీతలు కొట్టి, ఉప్పుది, పులుపుది, చప్పిడిది అని వేరువేరుగా రాస్తున్నాను. మొత్తం తగ్గినా పులుపు గడి పెరుగుతోంది. అది అమ్మకు చూపించాను. తరువాత ఒక రోజు తాతయ్య సంగటిలో గుంట చేసి గోంగూర వేయించుకుని, పలక నిండేదాకా తిన్నాడు. ఆ మధ్యాహ్నం మా నాయన పనికి పోకుండా వసారాలో పడుకుని గురక పెట్టాడు. తాతయ్య నా పలక తీసుకుని అరచేత్తో తుడిచేశాడు. "ఇంక లెక్కలెందుకురా, ఆకలైతే నేనే అరుస్తా" అన్నాడు. ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చాయి. తాతయ్య వాటిని వసారాలో కూర్చుని, పల్లీలు నములుతూ చూశాడు.

పెద్దయ్యాక నేను సర్వే చదివి, గొలుసు పట్టి భూములు కొలిచాను. ఎంత అని రాసే ముందు ఏది, ఎందుకు అని అడగడం నాకు బడిలో కన్నా ముందే ఆ చింతపండు చాట దగ్గర వచ్చింది. తాతయ్య నుంచి ఇంకొకటి నేర్చుకున్నాను, ఆయన చేయనిది: తినలేనప్పుడు కారణం దాచుకోకూడదు. మొన్న రెండు ముద్దలకే చెయ్యి కడుక్కుంటే మా కోడలు "ఇంకొంచెం" అనలేదు, "ఏమైంది మామయ్యా?" అని అడిగింది. కట్టుడు పళ్ళ కింద చిగురు ఒరుసుకుంటోందని చెప్పాను. ఆమె అన్నం మెత్తగా పిసికి, చారు పోసి తెచ్చింది. తన కంచం కూడా తెచ్చుకుని నా పక్కనే కూర్చుని, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ తిన్నది.