అక్క పేరుతో

పేరుకూ పేరు గలవారికీ భేదం లేదని మా సత్సంగంలో ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. హరి అని నోరారా పిలిస్తే హరి వచ్చి నిలబడతాడు. ఆ మాటకు నేనే భయపడ్డది మాత్రం ఒక్కసారి, నారాయణగూడ ఆస్పత్రిలో నాకు పిత్తాశయం ఆపరేషన్‌కు తేదీ ఇచ్చిన వారం.

నాకు ముందు పుట్టిన ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారట. అందుకని పదకొండో రోజు నాయనమ్మ నన్ను చేటలో పెట్టి చెత్తకుప్ప మీద వదిలింది. పక్కింటి పెద్దమ్మ ఎత్తుకుపోయింది. అమ్మ ఆమెకు దోసెడు తవుడిచ్చి నన్ను తిరిగి కొనుక్కుంది. పారేసిన పిల్ల మీద చావుకు ఆశ ఉండదని నమ్మకం. పేరు కూడా చెత్త అని అర్థం వచ్చేదే పెట్టారు.

బడిలో ఆ పేరు రాయించడం నాన్నకు నామోషీ అయింది. పోయిన పెద్దక్క పేరు రాయించాడు. దీపమని దాని అర్థం. సర్టిఫికెట్లలో, పెళ్లిపత్రికలో, ఆధార్‌లో నేను అక్కనే. పాత పేరుతో పిలిచేవాళ్లలో మిగిలింది పెద్దమ్మ ఒక్కతే.

ఆపరేషన్ సంగతి చెబుదామని అశోక్ నగర్ వెళ్లాను. ఆమె ఇంటి పై అంతస్తులు ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్. కింది గదిలో మంచం మీద కూర్చుని ఉంది.

"దవాఖాన కాయితంల ఏం పేరు రాసిన్రే?"

"ఆధార్‌లో ఉన్నదే, పెద్దమ్మా."

"అయ్యో పిచ్చిదానా! అది సావుకు తెలిసిన పేరు. ఒకపారి వచ్చి తీస్కపోయిన పేరు."

"దేవుడున్నాడు కదా," అని నవ్వబోయాను.

"ఉన్నడు. మరి ఇన్నేండ్లు గుళ్లె అర్చన ఎవరి పేరు మీద చేయించినవ్?"

లేచి గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది, అక్క పేరుతో. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె నన్నలా పిలవలేదు. తిరిగి చూశాను.

"నిన్ను గాదు," అంది, నా భుజం పక్కకు చూస్తూ. "దానికి చెప్తున్న. చెల్లెను జర చూస్కొమ్మని."

ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టాక నర్సు నా మణికట్టుకున్న పట్టీ చూసి, "పేరు చెప్పండమ్మా," అంది. ఏ పేరు చెప్పాలో తేలక పెదాలు బిగించుకుని ఉన్నాను. "సరే," అని ఆమె, ఎవరో జవాబు చెప్పినట్టే, కాగితం మీద టిక్కు పెట్టుకుంది. నేనింకా నోరు విప్పలేదు.

కళ్లు తెరిచేసరికి పెద్దమ్మ నా మీదికి వంగి ఆ చెత్త పేరు పెట్టి పిలుస్తోంది. పక్కన ఆయా నవ్వుతోంది.

"మంచి పేరుతోటి మేం గంట సేపు పిలిచినం అమ్మా. చిన్నపిల్ల లెక్క ఆఁ ఆఁ అంటవ్, కండ్లు తెరవవ్! ముసలమ్మ ఇట్ల పిలవంగనే లేచినవ్."

పెద్దమ్మ నవ్వలేదు. నా మంచం అవతలి పక్క ఖాళీగా ఉన్న స్టూలు వైపు చూసి తలూపింది, అప్పజెప్పిన పని సరిగ్గా చేసినందుకు మెచ్చుకున్నట్టు.

కుట్లు విప్పాక వచ్చిన శనివారం చిక్కడపల్లి గుడికి వెళ్లాను. అర్చనకు పూజారి గారు పేరడిగితే, అక్క పేరు చెప్పి, తర్వాత నా పేరు చెప్పాను. ఆ రెండో పేరుకు ఆయన ఒక్క క్షణం తటపటాయించి, ఇద్దరికీ అర్చన చేశారు. అక్షింతలు తెచ్చి అటూ ఇటూ చూశారు.

"ఇంకొకరు రాలేదా అమ్మా?"

"వచ్చింది," అని రెండు చేతులూ విడివిడిగా చాపాను.