మా నాన్న తోలు బిగించిన బాంజో

మా నాన్న డప్పు మానేసినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఊరి బయటి మా పల్లె తాతల నాడే బాప్తిస్మం తీసుకుంది గానీ, డప్పును మాత్రం ఎవరూ వదల్లేదు. కొత్తగా వచ్చిన సంఘపెద్ద ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, డప్పు పట్టుకున్న చేత్తో ప్రభువు బల్ల రొట్టెను ముట్టకూడదన్నాడు. నాన్న ఇంటికొచ్చి డప్పును అటక మీద పడేశాడు. అప్పటినుంచి అమ్మతో పాటు మిరప చేలల్లో కూలికి వెళ్ళేవాడు. మా ఊరు నల్లపాడుకు రెండు మైళ్ళు.

పదిహేడో ఏట నేను గుంటూరులో మిషను వాళ్ళ టీచరు ట్రైనింగు స్కూల్లో చేరాను. హాస్టల్లో ఉండేదాన్ని. మాకు ఇంగ్లీషు చెప్పే అమెరికా దొరసాని సాయంత్రాలు వరండాలో కూర్చుని బాంజో వాయించేది. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, పొడుగాటి కాడ పెట్టి, అయిదు తీగలు లాగిన వాయిద్యం అది. కొండల్లో ఉండే వాళ్ళ తాత దగ్గర నేర్చుకుందట. గోరు వెనక వైపుతో తీగను కిందికి కొట్టి, ఆ వెంటనే బొటనవేలితో పొట్టి తీగను మీటేది. మొదటిసారి విన్నప్పుడు నాకు తీగ కంటే ముందు తోలు వినిపించింది. నేను రోజూ వెళ్ళి మెట్ల మీద కూర్చోవడం చూసి, ఒకనాడు ఆమే నా ఒళ్ళో పెట్టింది. ఆర్నెల్లకు నా చెయ్యి తిరిగింది. ఆమె పాటలకు నాకు నోరు తిరిగేది కాదు. అందుకని మిరపకాయలు కోసేటప్పుడు అమ్మ పాడే పాటను దాని మీద పలికించాను. "సాళ్ళ నిండా కాయ ఎర్రన, కోసిన చేతులు మంటమంటన" అన్న పాట. దొరసాని నాచేత మూడుసార్లు వాయించుకుని వింది. స్కూలు వార్షికోత్సవంలో ఇదే వాయించాలంది.

ఉత్సవం పది రోజులుందనగా, ఎండకో ఏమో, తోలు నిలువునా చిరిగింది. మద్రాసుకు రాస్తే దొరకదని జవాబొచ్చింది. మా నాన్న బిగించగలడని నేను చెప్పాను. చెప్పేటప్పుడు తోటి పిల్లలందరూ ఉన్నారు. వాళ్ళలో చాలామందికి మా నాన్న కూలివాడని తెలుసు, డప్పులవాడని తెలియదు. తెలిస్తే తెలిసిందనుకున్నాను.

దొరసాని కబురు పెట్టింది. నాన్న వచ్చి వరండా మెట్టు మీద కూర్చోబోతే ఆమె కుర్చీ తెచ్చి వేసింది. "మీరు ఇందులో కూర్చుండుడి" అంది. ఆమెది పుస్తకాల తెలుగు. మా నాన్నను ఎవరైనా 'మీరు' అనడం నేను వినడం అదే మొదలు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, చిరిగిన తోలు తీసి, చట్రం చుట్టూ ఉన్న కొక్కేలను ఒక్కొక్కటీ వేలితో తడిమాడు.

"మేకతోలు సరిపోద్దండి. ఇనప కట్టుకి చుట్టి ఈ కొక్కేలతో లాగితే చాలు. మాకీ కొక్కేలుంటే ఇంకేం కావాలి, తోలు వారుతో లాక్కుని చచ్చేవాళ్ళం."

నాలుగు రోజులు పట్టింది. తోలు సున్నంలో నానేసి, బొచ్చు గీకి, తడి మీదే చట్రానికి చుట్టాడు. ఆరేకొద్దీ కొక్కేలను కొంచెం కొంచెం బిగిస్తూ, వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి వినేవాడు. తొమ్మిదేళ్ళుగా తోలు ముట్టని చెయ్యి అది. ఒక్క చోటా తడబడలేదు.

ఆఖరి రోజు సంఘపెద్ద ఏదో పని మీద వచ్చి నాన్నను చూశాడు. "ఏరా, ఆ తోలు కంపు వదిలించుకోవడానికి కాదంట్రా మీరు దేవుణ్ణి నమ్ముకుంది? మళ్ళీ ఆడికే వచ్చావా?" అన్నాడు.

నాన్న తలెత్తలేదు. కొక్కెం బిగిస్తూనే, "బిగింపు మధ్యలో ఆపితే తోలు వంకరపోద్దండయ్యా. ఇది కానిచ్చి మాట్లాడతా" అన్నాడు. పెద్దాయన వెళ్ళిపోయాడు. నాన్న పని అయ్యేదాకా లేవలేదు.

ఆ సాయంత్రం దొరసాని నన్ను పిలిచింది. పెద్దలు ఒప్పుకోవడం లేదని, ఈసారికి ఉత్త గొంతుతో పాడమని చెప్పింది. ఆమె మొహం ఎర్రబడి ఉంది. తర్వాత ఎందుకో, ఆ వాయిద్యం పుట్టుక కూడా చెప్పింది. తమ దేశానికి బానిసలుగా పట్టుకొచ్చిన నల్లవాళ్ళు సొరబుర్రకు తోలు కట్టి దీన్ని చేసుకున్నారట. తెల్లవాళ్ళు వాళ్ళను చూసి నేర్చుకున్నారట. "మేము వాయిద్యమును తీసుకొంటిమి, వారికి కుర్చీ ఇవ్వలేదు" అంది.

"అయితే నేను దీంతోనే వాయిస్తానండి. వద్దంటే పాడను కూడా పాడను" అన్నాను. ఆమెతో అలా మాట్లాడతానని నేను అనుకోలేదు. ఆమె లేచి వెళ్ళి, బాంజో తెచ్చి నా చేతికిచ్చింది.

వార్షికోత్సవం మధ్యాహ్నం మూడింటికి. సంఘపెద్ద ముందు వరసలో ఉన్నాడు. అమ్మా నాన్నా వెనక గోడ దగ్గర నిలబడ్డారు. నేను వేదికెక్కి, "ఇది మా అమ్మ పాట. దీనికి తోలు కట్టింది మా నాన్న" అని చెప్పి మొదలుపెట్టాను. రెండో చరణానికి పెద్దాయన లేచి వెళ్ళిపోయాడు, ఆయనతో మరో ఇద్దరు. నా వేళ్ళు ఆగలేదు. మూడో చరణంలో వెనకనుంచి అమ్మ గొంతు కలిపింది. మిరప చేలో పాడినట్టే, పూర్తి గొంతుతో. హాలంతా అటు తిరిగింది. ఆమె మాత్రం నన్నే చూస్తూ పాడింది.

నన్ను మా ప్రార్థన గుడి పాటల బృందంలోంచి తీసేశారు. నాన్నను క్షమాపణ చెప్పమన్నారు. "తప్పు చేస్తే చెప్పేవాణ్ణి" అన్నాడు. ఆ మరుసటి ఆదివారం నుంచి, ఎప్పుడూ గుమ్మం దగ్గర కూర్చునే మనిషి వెళ్ళి ముందు చాప మీద కూర్చున్నాడు. ఎవరూ లేపలేదు. పక్కన కూర్చోవడానికీ చాలా వారాలు ఎవరూ రాలేదు. అయినా ఆయన చోటు మారలేదు.

దొరసాని రెండేళ్ళకు తన దేశం వెళ్ళిపోతూ బాంజో తీసుకెళ్ళింది. అది వాళ్ళ తాతది, అడగడం న్యాయం కాదు. నాకు సింగరాయకొండ దగ్గర ఒక పల్లెటూరి బడిలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందు నాన్న అటక మీది డప్పు దించి, దాని చట్రానికే కొత్త తోలు వేసి, వడ్రంగి చేత టేకు కాడ పెట్టించి, నాకు బాంజో చేశాడు. దొరసానిదంత తియ్యగా పలకదు. గట్టిగా పలుకుతుంది.

బడిలో రోజూ పావు తక్కువ పదికి దాంతో పిల్లలచేత పాట పాడించేదాన్ని. వారం తిరక్కుండా పొగాకు రైతు ఒకాయన వచ్చాడు.

"పంతులమ్మా, మా అమ్మాయి చదువుకోడానికొచ్చింది. ఊరి బయటి పల్లెల్లో వాయించేవి ఇక్కడొద్దు."

"చదువు పదింటికి మొదలవుద్దండి. పాట వద్దనుకుంటే పదింటికే పంపండి" అన్నాను.

ఆయన నెల రోజులు పిల్లను పంపలేదు. తర్వాత పదింటికి పంపాడు. ఆ పిల్ల ఇంట్లో చెప్పకుండా తొమ్మిదిన్నరకే వచ్చి ప్రహరీ గోడ అవతల నిలబడి, పాట అయ్యాక లోపలికి వచ్చేది. ఒకరోజు గోడ అవతలనుంచి ఆ పిల్ల పాడటం వినిపించింది. నేను తీగ ఆపకుండా, గేటు తెరవమని పిల్లలకు తలతో సైగ చేశాను.