గంగవాయిలి పచ్చిరసం

నిన్న గచ్చిబౌలిలో మా ఆఫీసు కింద కొత్తగా పెట్టిన జ్యూస్ బండి దగ్గర ఒకమ్మాయి గ్లాసు చేతికిచ్చి, "గంగవాయిలి ఆకు పచ్చిరసం సార్, ఒమేగా త్రీ ఉంటుంది, షుగర్ దెబ్బకు పోతుంది" అంది. ఒళ్లు మండిపోయింది. "ఎవరు చెప్పారమ్మా నీకు?" అని అరిచాను. పాపం బెదిరిపోయింది. ఆ కోపం ఆమె మీద కాదు. అవే మాటలు, ఇంకాస్త మసాలా దట్టించి, మా మేనత్తకు చెప్పింది నేనే.

అత్తది ఖాజాగూడ. రాళ్ల సందుల్లో మొలిచే ఆ ఎర్రకాడల కూర సంగతి ఆమెకు తెలిసినంత ఏ ల్యాబుకూ తెలియదు. రాత్రంతా ఆకులో పులుపు ఊరుతుంది, ఎండ ఎక్కినకొద్దీ తగ్గిపోతుంది. అందుకే పప్పులోకి పొద్దున్నే కోసి, చింతపండు సగమే వేసేది. అది మాలిక్ యాసిడ్ అని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఉడికించిన నీళ్లు పారబోసేది, పెరుగు వేసుకోకుండా లేవనిచ్చేది కాదు. కిడ్నీల్లో రాళ్లు కట్టే ఆక్సాలేట్లు ఆ నీళ్లతో కొంత పోతాయనీ, మిగిలినవాటిని పెరుగులోని కాల్షియం పట్టుకుంటుందనీ నేను తర్వాత చదివాను.

తర్వాత! ముందు మాత్రం కోతలు కోశాను. ఓ ఆదివారం ఆమె షుగర్ గోళీ మింగుతూ మొహం చిట్లిస్తే, నవ్విద్దామని, "మా ఆఫీసుల ఒకాయన రోజు పరగడుపున ఈ ఆకు పచ్చిరసం తాగి, గోళీల డబ్బా దుర్గం చెరువుల పారేసిండత్తా. చేపలకు గూడ షుగర్ తగ్గిందట" అన్నాను. పగలబడి నవ్వింది. చేపలను నమ్మలేదు. ఆఫీసాయనను నమ్మింది.

నాకు చెప్పకుండా గోళీలు మానేసి, నెలల తరబడి లోటాల కొద్దీ తాగింది. దవాఖానలో డాక్టరు, "అసలే షుగర్. రెండు కిడ్నీలూ పోయాయి. ఈ రసం ఎవరు తాగమన్నారు?" అని కసిరితే, నేను గోడ మీది క్యాలెండర్ చదువుతూ నిలబడ్డాను. నా చెప్పుతో నేనే కొట్టుకోవాల్సింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు కొండాపూర్‌లో డయాలసిస్. కారులో తీసుకుపోయేది నేనే.

మొన్న నర్సు సూది గుచ్చుతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"అల్లుడా, మీ ఆఫీసాయన ఎట్లున్నడురా? ఆ రసం ఇగ తాగొద్దని జర చెప్పు. పిల్లలున్నోడు గదా."

ఆయనకు పిల్లలను కూడా నేనే పుట్టించి ఉంటాను, గుర్తు లేదు. "చెప్తనత్తా" అన్నాను. అసలు అట్లాంటి మనిషే లేడని ఆ ఆదివారమే చెప్పి ఉంటే అర నిమిషం పట్టేది. ఇప్పుడు చెప్పడానికి నాకెంత కాలం పడుతుందో, అంత కాలం ఆమె దగ్గర ఉందో లేదో.