తప్పు చెప్పినవారికి మొదటి ముక్క

మొన్న రామచంద్రపురంలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ముందు నుంచి నడుస్తుంటే కిరసనాయిలుతో కడిగిన ఇనుము వాసన గుప్పుమంది. పక్కనున్న మా అమ్మాయి ముక్కు మూసుకుంది. నేను మాత్రం ఆగి, సిగ్గులేకుండా రెండుసార్లు గట్టిగా పీల్చాను. "ఏమిటమ్మా, అవేమైనా మల్లెపూలా?" అని ఎకసెక్కం చేసింది. ఇరవై రెండో ఏటి నుంచి ఆరేళ్ళపాటు నా బట్టలకూ జడకూ అంటుకుని ఇంటిదాకా వచ్చిన వాసన అది. అది తగిలితే చాలు, దేవసహాయం గారు గుర్తొస్తారు.

కోనసీమలో రైలేమిటని నవ్వకండి. తొంభైలలో మా ముక్తేశ్వరం అవతల ఏటిగట్టు వెంబడి నాలుగు మైళ్ళ పట్టాలుండేవి. గోదావరి గట్టును కోసేస్తున్న చోటికి రాయి చేరవేయడానికి ఓ కాంట్రాక్టు కంపెనీ వేసుకున్న లైను. టికెట్టూ లేదు, టైముటేబులూ లేదు. రాళ్ళ పెట్టెలను లాగడానికి, ముందుకీ వెనక్కీ నెట్టి సర్దడానికి రెండు షంటింగ్ డీజిల్ ఇంజన్లుండేవి. ఎక్కడో మూతపడ్డ ఫ్యాక్టరీలో తుప్పుపట్టి పడి ఉంటే తెచ్చారు. వాటిని బోల్టు బోల్టూ విప్పి, మళ్ళీ కొత్తగా కట్టడమే మా షెడ్డు పని. పనివాళ్ళు వాటికి పెద్దాయన, చిన్నాయన అని పేర్లు పెట్టారు. రైలు మొహం ఎరగని మా ఊరివాళ్ళు ఆదివారాలు పిల్లల్ని వెంటబెట్టుకు వచ్చి, పెద్దాయన కూత పెడితే చెవులు మూసుకుని మురిసిపోయేవారు.

దేవసహాయం గారు మా ఫోర్‌మన్. రాజోలు దగ్గరి మనిషి. తాత పొలాల్లో కూలి, తండ్రి మిషను బడిలో మాస్టారు. ఈయన రైల్వే షెడ్డులో జీవితమంతా పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడికి వచ్చారు. మనిషి సన్నగా, ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉండేవారు. ఆయన 'అండీ' అనని ప్రాణి లేదు. ఇంజను స్టార్టు కాకపోతే దాని మూత మీద చెయ్యి వేసి, "ఆయ్, ఓ దగ్గు దగ్గండి పెద్దాయనగారూ, అందరూ చూస్తన్నారు" అని బతిమాలేవారు. డిప్లొమా చేతపట్టుకుని వెళ్ళిన నన్ను కూడా మొదటిరోజు నుంచే 'పద్మగారూ' అన్నారు. ఇంట్లో అప్పటికి నన్ను 'ఒసేయ్' తప్ప మరోలా పిలిచినవారు లేరు.

షెడ్డులో ఆయన పెట్టిన ఆచారం ఒకటుండేది. మధ్యాహ్నం అందరం చాప మీద కూర్చుని కేరేజీలు విప్పేవాళ్ళం. ఆయన భార్య పెద్ద గిన్నె నిండా కూర పంపేది. వడ్డించే ముందు ఆయన చుట్టూ చూసి, "తప్పులేవైనా ఉన్నాయాండీ?" అని అడిగేవారు. పొద్దుటి నుంచి పనిలో తప్పు చేసినవారెవరైనా అక్కడే చెప్పాలి. చెప్పినవారికి తిట్లు లేవు. పైగా గిన్నెలోని మొదటి ముక్క వారిదే. చేపైతే నడుముక్క, కూరగాయైతే నూనె తేలిన పైకూర. ఫిట్టరు వీర్రాజు ఆ ముక్క కోసం లేని తప్పులు కూడా కల్పించేవాడని నా అనుమానం. ఎవరి గిన్నెలోంచి తింటున్నానో మా నాయనమ్మకు నేను చెప్పలేదు. అది తప్పు కాదు కనుక చెప్పక్కర్లేదని సర్దిచెప్పుకున్నాను.

చేరిన ఏడాదే వేసవిలో చిన్నాయన్ని పూర్తిగా విప్పాం. గట్టు బలహీనంగా ఉన్నచోట, గోదావరికి వరద ఎర్రనీరు దిగేలోగా రాయి పడాలి. లేకపోతే అవతలి ఊళ్ళకు నిద్ర ఉండదు. పెద్దాయన ఒక్కరితో ఆ రాయి తరిగేది కాదు. ఇంజను నుంచి వచ్చే కడ్డీ చివర చిన్న పళ్ళచక్రం, ఇరుసు మీద పెద్ద పళ్ళచక్రం ఉంటాయి. వెనక ఇరుసు మీద ఆ పెద్దదాన్ని బిగించే పని నాకు అప్పగించారు. నాకు దొరికిన మొదటి పెద్ద పని. మూడు రోజులు దాన్ని పసిపిల్లను సాకినట్టు చూసుకుని, బిగించి, మూతవేసి, ఇంజను కింద చేర్చాం. మర్నాడు పొద్దున్నే ట్రయలు. మేనేజరుగారు, గట్టు చూసే ఇంజనీర్లు వస్తారు.

ట్రయలుకు ముందురోజు భోజనాల వేళ వాన మొదలైంది. షెడ్డు రేకు కారి, బకెట్లో టప్‌టప్‌మని చుక్కలు పడుతున్నాయి. వాటికేసి చూస్తుంటే నా ముద్ద చేతిలోనే ఆగిపోయింది. వారం కిందట తొలివాన పడ్డప్పుడు ఇదే రేకు కారి, పళ్ళచక్రం ఇంకా ఎక్కని ఇరుసు కొస మీద నీళ్ళు పడుతున్నాయని, ముగ్గురం కలిసి ఆ ఇరుసును అటుది ఇటు తిప్పి పెట్టుకున్నాం. తిప్పిన సంగతి మరిచి, నా ఎడమవైపే ఇరుసుకు ఎడమ అనుకుని బిగించేశాను. పళ్ళచక్రం ఉండాల్సిన వైపు కాక రెండోవైపు కూర్చుంది.

అప్పటికే ఆయన అడగడం అయిపోయింది. వీర్రాజు స్పానరు కాలవలో పారేసుకున్నానని చెప్పి, నడుముక్క తింటున్నాడు. చెబితే ట్రయలు ఆగుతుంది, నన్ను ఆఫీసులో టైపు మిషను ముందు కూర్చోబెడతారు. ఎంత నీళ్ళు తాగినా ముద్ద దిగలేదు. చివరికి బోరింగు దగ్గర అందరూ చేతులు కడుక్కుంటుంటే ఆయనకు చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా.

ఆయన చేతి తడి విదిలించుకుని వెనక్కి తిరిగారు. "అందరూ మళ్ళీ కూర్చోండి."

"భోజనం అయిపోయింది కదండీ!" అన్నాడు వీర్రాజు.

"ఇంకా అవలేదండి. తప్పొకటి మిగిలిపోయింది."

కడిగిన చేతులతో అందరూ మళ్ళీ బాసింపట్లు వేశారు. ఆయన గిన్నె గీకి, అడుగున మిగిలిన ముక్కా పులుసూ నా కేరేజీ మూతలో వేశారు. అంతమంది చూస్తుండగా తిన్నాను. ఆ పూట దిగిన మొదటి ముద్ద అదే.

తర్వాత ఇంజన్ని జాకీల మీద ఎత్తి కడ్డీని చేత్తో తిప్పాం. ముందు చక్రాలు ఒకవైపు, వెనక చక్రాలు ఇంకోవైపు తిరిగాయి. "ఆయ్! ముందియ్యేమో ముక్తేశ్వరం పోతానంటన్నాయి, వెనకియ్యేమో జొన్నాడ పోతానంటన్నాయండి" అన్నాడు వీర్రాజు. నాకూ నవ్వాగలేదు.

కబురందుకుని మేనేజరుగారు మండిపడుతూ వచ్చారు. "ఎవరు చేసేరీ పని?"

"చేసినోళ్ళ పేరడిగితే రేప్పొద్దున్న ఎవరూ తప్పు చెప్పరండి" అన్నారు దేవసహాయం గారు నెమ్మదిగా. "కనిపెట్టింది మాత్రం పద్మగారండి. కనిపెట్టకపోతే పళ్ళు విరిగి, ఎర్రనీరొచ్చినా రాయి కదిలేది కాదండి."

మేనేజరుగారు నా వైపు తిరిగి భేష్ అన్నారు. "చేసింది కూడా నేనేనండి" అని నా నోట వచ్చేసింది. పాపం, ఆయనకు తిట్టాలో మెచ్చుకోవాలో తేలక టీ తెమ్మన్నారు. రెండు రోజులు విప్పి బిగించాం. మూడోనాడు చిన్నాయన నాలుగు చక్రాలూ ఒకేవైపు నడిచాయి. ఎర్రనీరు వచ్చేనాటికి రాయి పడింది, గట్టు నిలిచింది.

రెండువేలు దాటాక పని పూర్తయి, పట్టాలు పీకేశారు. ఇంజన్లను వేరే ఎవరో కొనుక్కుపోయారు. ఖాళీ షెడ్డులో చివరి భోజనానికి కూర్చున్నాం. తప్పులేవైనా ఉన్నాయాండీ అని ఆయన అడిగితే, చేయడానికి పనే లేదు కదా అని అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"నాదొకటుందండి. పద్మగారిని తీసుకునే ముందు మేనేజరుగారు నన్నడిగేరండి. ఆడపిల్ల, ఇనప్పని, వద్దండన్నాను. రెండుసార్లు చెప్పేను. ఆయన నా మాట వినలేదు కాబట్టి సరిపోయింది. ఆరేళ్ళ నుంచి రోజూ ఇక్కడ కూర్చుని చెప్దామనుకుంటాను. గొంతుదాకా వచ్చి ఆగిపోద్దండి."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఒక్క క్షణం వచ్చింది. అందరి చేతా చెప్పించిన మనిషి, ఇన్నేళ్ళూ నా ఎదురుగా కూర్చుని ఇది మింగుతూ ఉన్నారా? మరుక్షణం బోరింగు దగ్గర నేను పడ్డ అవస్థ గుర్తొచ్చింది. నాది ఒక్క పూట, ఆయనది ఆరేళ్ళు. గరిటె ఆయన చేతిలోంచి తీసుకున్నాను. "కంచం పట్టండి" అన్నాను. నడుముక్క వేశాను. ఆయన తల ఎత్తకుండా తిన్నారు.

ఇప్పుడు నా కింద కూడా పదిమంది పనిచేస్తున్నారు. నాకు చాలా ధైర్యమని, నా తప్పు నేనే ముందు చెప్పేస్తానని వాళ్ళు అనుకుంటారు. ధైర్యమేమీ లేదు. ఆయన ఆరేళ్ళు మోసినంత బరువు నేను మోయలేను, అంతే.