షట్టర్ ముందు కానుగ మొక్కలు

నాచారంలో మా గల్లీకి ఒక పక్కన వరసగా కానుగ చెట్లు ఉండేవి. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. రోజూ పొద్దున కాలేజీ బస్సు కోసం ఆ చెట్ల కిందే నిలబడేదాన్ని కాబట్టి ఆకులు చూడటం అలవాటైంది. కొన్ని ఆకుల మీద తెల్లటి సన్నగీత వంకర్లు తిరిగి, చివర బొబ్బలా ఉబ్బి ఉండేది. దాని లోపల పురుగు ఉంటుంది. ఆకు పై పొరకూ కింది పొరకూ మధ్య దూరి, పచ్చటి గుజ్జు తింటూ దారి తొలుచుకుంటూ పోతుంది. ఎదిగాక బియ్యపు నూకంత రెక్కల పురుగై బయటికొస్తుంది. వాలినప్పుడు ముందుకాళ్ల మీద లేచి, తల పైకెత్తి, ఎవరితోనో తగువుకొచ్చినట్టు కూర్చుంటుంది.

ఏ చెట్టు మీద ఏ పురుగు, ఏ నెలలో కనపడిందో ఫొటో తీసి రాసి పెట్టుకోవడం నా పని. ఎవరూ అప్పజెప్పింది కాదు. సెలవు దొరికితే స్కూటీ వేసుకుని చెంగిచెర్ల వైపో నాగారం వైపో పోయి ఆకులు తిరగేసేదాన్ని. ఒకసారి ఒక ముసలాయన నేను నాటుమందు చేసేదాన్ననుకుని మోకాళ్ల నొప్పికి ఆకు అడిగాడు.

మా కాలనీ సంఘం సెక్రటరీ ఇల్లు గల్లీ మొదట్లోనే, ఆ చెట్ల వెనక. పాత ఇల్లు పడగొట్టి, కింద దుకాణం, పైన వాటాలు కట్టించాడు. ఒక ఆదివారం మీటింగ్‌కు ముందు మా ఇంటికొచ్చి, "మేడం, మీరు గా చెట్ల మీద ఏందో పరిశోధన జేస్తున్రట గదా. మాక్కూడ జర సూపెట్టున్రి" అన్నాడు.

అంతవరకు నన్ను ఎవరూ అలా అడగలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. కమ్యూనిటీ హాలు గోడ మీద ప్రొజెక్టర్‌తో ఫొటోలు వేస్తే నూకంత పురుగు చెయ్యంత పొడుగు కనపడింది. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "అవ్వో, గిది మన ఇంటి ముంగటనే ఉన్నదా?" అంది ఒకావిడ. ఇది మనుషుల్ని ఏమీ చేయదనీ, చెట్టునూ చంపదనీ ఒకటికి రెండుసార్లు చెప్పాను. అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది సెక్రటరీయే.

ఆ తర్వాత కొన్నాళ్లకు పరీక్షల డ్యూటీ మీద ఉప్పల్ వెళ్లి సాయంత్రం తిరిగొచ్చాను. మలుపు తిరగ్గానే గల్లీ నిండా ఎండ. ఎన్నడూ అక్కడ అంత ఎండ చూడలేదు. చెట్లు లేవు. మొదళ్లు తడితడిగా ఉన్నాయి. రంపపు పొట్టు గాలికి లేస్తోంది. కొమ్మలను ట్రాక్టరుకెక్కిస్తుంటే సెక్రటరీ కుర్చీ వేసుకుని చూస్తున్నాడు.

"ఏంది సార్ ఇది?" అన్నాను.

"రోగం బట్టింది గదా మేడం. మీరే గోడ మీద సూపెట్టిన్రు. అందరు సూసిన్రు. చిన్నపిల్లలు తిరిగే గల్లీ."

మాట అయ్యాక చిన్నగా నవ్వాడు. ఆయన వెనక కొత్త దుకాణం నెత్తిన బోర్డు కోసం బిగించిన ఇనుప చట్రం, మెయిన్ రోడ్డు దాకా అడ్డం లేకుండా కనపడుతోంది.

ట్రాక్టరు కదిలేలోపు గీతలున్న ఆకులు దొరికినన్ని ఏరి సంచిలో వేసుకున్నాను. ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి మూతలకు గుడ్డ కట్టాను. మరుసటి వారంలో ఒక్కొక్కటిగా రెక్కల పురుగులు బయటికొచ్చాయి. వాటిని మౌలాలిలో రైలు పట్టాల పక్కనున్న కానుగల దగ్గరికి తీసుకెళ్లి వదిలేశాను. ఆయన్ను మాత్రం వదలను అనుకున్నాను. నా నోటితో చెట్లు కొట్టించాడు.

చెట్ల సంగతి చూసే ఆఫీసుకు తిరగడం మొదలుపెట్టాను. పెద్దసారు లేడంటే బయట బల్ల మీద కూర్చునేదాన్ని.

"పోనియ్యరాదు. చెట్లు మల్ల లేస్తయా?" అన్నాడు మా ఆయన.

"లేవయి. గాయన గూడ లేవొద్దు."

చివరికి ఆఫీసరు మా గల్లీకి వచ్చాడు. అనుమతి ఉందా అని అడిగితే సంఘంలో అందరూ ఒప్పుకున్నారన్నాడు సెక్రటరీ. "మేడమే చెప్పింది సార్, రోగమని."

నేను ఫొటోలు చూపించాను. డబ్బాలో దాచిన ఆకు తీసి, భూతద్దం ఆఫీసరు చేతికిచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు.

"చెట్టుకు రోగం లేదు సార్. చెట్టు అడ్డమున్నది ఒక్క గా బోర్డుకే" అన్నాను.

ఆఫీసరు తలెత్తి బోర్డు చట్రం చూశాడు. వంగి మొదళ్లు చూశాడు. జరిమానా కట్టాలనీ, బదులుగా మొక్కలు పెట్టాలనీ చెప్పాడు. "వెనకాల పార్కుల పెడ్త సార్" అని సెక్రటరీ వెంటనే అందుకున్నాడు.

"వద్దు సార్. పోయిన జాగలనే పెట్టాలె. కానుగలే పెట్టాలె. సుట్టు ఇనుప జాలీ గట్టాలె. నీళ్లు గాయననే పొయ్యాలె" అన్నాను. ఆఫీసరు నన్నొకసారి తేరిపార చూసి, అలాగే కానివ్వండన్నాడు.

జాలీలు పెట్టాక దుకాణం ముందు బండ్లు ఆపే జాగా పోయింది. కిరాయికి రావాల్సిన ఫోన్ల షోరూమ్ వాళ్లు వచ్చి చూసి, ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద వేరే షాపు తీసుకున్నారు. షట్టర్ దించింది దించినట్టే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం సెక్రటరీ భార్య స్వీటు డబ్బాతో వచ్చింది. చాయ్ ఇచ్చాను.

"అక్కా, రెండు మొక్కలు జర పక్కకు జరిపిస్తే సాలు. నువ్వొక్క మాట జెప్తే ఆఫీసరు సారు ఇంటడు."

"చెట్లు కొడ్తుంటె మీ ఆయనకు నువ్వొక్క మాట జెప్పకపోతివి?" అన్నాను.

ఆమె చాయ్ సగంలో పెట్టేసి లేచింది. స్వీటు డబ్బా మరచిపోయావంటూ వెనకే వెళ్లి చేతికిచ్చాను. ఆమె చేసిన తప్పేముందని మా ఆయన అడిగాడు. నిజమే, ఏమీ లేదు. ఆ రోజు మాత్రం హాయిగా నిద్రపట్టింది.

ఆ వానాకాలం నేను చెంగిచెర్ల పోలేదు, నాగారం పోలేదు. ఫోన్‌లో పురుగుల ఫొటోల కన్నా ఆ షట్టర్ ఫొటోలే ఎక్కువ చేరాయి. దుమ్ము పట్టిన షట్టర్, ట్యూషన్ పోస్టర్ అంటించిన షట్టర్, కుక్క పడుకున్న షట్టర్. మొక్కల ఫొటోలు నెలనెలా ఆఫీసరుకు పంపేదాన్ని. ఎండాకాలంలో సెక్రటరీ నీళ్లు మానేస్తే గేటు ముందు నిలబడేదాన్ని. కాసేపటికి లుంగీ ఎగ్గట్టుకుని బకెట్‌తో వచ్చేవాడు. గల్లీ వాళ్లు చూస్తుంటే నాకు కడుపు నిండేది.

ఈ ఏడాది మొక్కలు నన్ను మించి పెరిగాయి. మొన్న పొద్దున బస్సు కోసం నిలబడితే సెక్రటరీ ఒక ఆకు పట్టుకుని బెదురుగా చూస్తున్నాడు.

"మేడం, మల్ల వచ్చినయి. మందు కొట్టాల్నా?"

లేత ఆకు మీద తెల్లటి గీత, ఇంకా బొబ్బ దాకా రాలేదు.

"కొట్టి సూడున్రి, గప్పుడు జెప్త" అన్నాను.

ఆయన ఆకు వదిలేశాడు. నేను ఫోన్ తీశాను. గాలికి ఆకు ఆగడం లేదు. కదలకుండా పట్టుకొమ్మన్నాను. రెండు చేతులతో పట్టుకుని, నేను చాలు అనేదాకా అలాగే నిలబడ్డాడు.