కిరాతకుడు అని రాశాను

ఈరోజు నేను ఒక మనిషిని కిరాతకుడని రాశాను. తప్పు చేశాను.

సూర్యాపేట నుంచి కోదాడకు పోతుంటే హైవే మీద బస్సు ఆగిపోయింది. ఏం జరిగిందోనని కిటికీలోంచి ఫోన్‌తో వీడియో తీశాను. రోడ్డు పక్కన ఒక గొర్రెల కాపరి ఒకదాని తర్వాత ఒకటి గొర్రెల మెడలు కోస్తున్నాడు. బస్సు కదిలాక, మొదట్లో లారీ, జనం ఉన్న ముక్క తీసేసి, కత్తి దగ్గర నుంచే వీడియో మొదలయ్యేలా చేశాను. 'నడిరోడ్డు మీద కిరాతకుడు' అని రాసి మా మిర్యాలగూడ గ్రూపులో పెట్టాను.

ఆ మాట నాకు అలవాటే. పేపర్లో హత్య వార్త చదివితే అదే మాట, సెలవివ్వని ఆఫీసర్ మీద కోపమొస్తే అదే మాట. కిరాతులంటే అడవిలో వేటాడి బతికేవాళ్లని చిన్నప్పుడు బళ్లో చెప్పారు. పొట్టకూటికి వేటాడేవాళ్ల పేరు ఇంత ఘోరానికి ఎలా అంటుకుందో ఏనాడూ ఆలోచించలేదు.

కోదాడలో దిగి టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. ఆ కాపరి భార్య. వీడియో తిరిగి తిరిగి వాళ్ల ఊరికి చేరిందట, నంబరు గ్రూపులోంచే దొరికిందట. ఆమె తిట్టలేదు.

"లారీ గుద్దితే గొర్ల నడుములిరిగినయి సారూ. పానం పోక కొట్టుకుంటుంటె సూడలేక కోసిండు. ఇప్పుడు పోలీస్ టేషన్ల లారీ ఆయన మీ వీడియోనే సూపెట్టి, నా బండి తగల్లే, నువ్వే కోసుకున్నవంటుండు."

ఫోన్‌లో పూర్తి వీడియో ఇంకా ఉంది. పెట్టి చూశాను. లారీ బంపరుకు ఉన్ని అంటుకుని ఉంది. ఒక గొర్రె వెనక కాళ్లు ఈడ్చుకుంటూ లేవబోతోంది. అతను దాని కళ్లను అరచేత్తో మూసి, తన మొహం పక్కకు తిప్పుకుని కోశాడు. ఇదంతా తీసింది నేనే. గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు.

ఆటో మాట్లాడుకుని ఆమె చెప్పిన పోలీస్ స్టేషన్‌కు పోయాను. అతను బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. వీడియో పెట్టింది నేనేనన్నాను.

"కిరాతకుడంటే ఏంది సారూ? మా బిడ్డనడిగితే ఏడుస్తది గని చెప్తలేదు."

దయ లేనివాడని చెప్పాను.

"గట్లనా" అని అతను తల తిప్పుకున్నాడు.

లోపలికి పోయి పూర్తి వీడియో ఇచ్చాను. లారీని చూశానని సాక్ష్యం రాసి సంతకం పెట్టాను. గ్రూపులో పూర్తి వీడియో పెట్టి, ముక్క కత్తిరించింది నేనని, ఆ మాటకు తగినవాడు అతను కాడని రాశాను. దాన్ని ఇంకొకరికి పంపినవాళ్లందరికీ ఫోన్ చేసి పాతది తీసెయ్యమన్నాను. "పోనీ అన్నా, లైకులు మస్తొచ్చినయి గదా" అని ఒకడు నవ్వాడు. వాడు తీసేసేదాకా ఫోన్ పెట్టలేదు.

నేను రాసింది అతని భార్యకూ పంపాను, బిడ్డతో చదివించుకొమ్మని.